వెనక్కి తన్నిన హ్యాండిలు

మాచర్ల, 1945

తమ్ముడు ఫరీద్‌కు పెద్దక్క దువా.

మీ అన్న నూర్ కుడిచేయి మణికట్టు దాకా తీసేశారు. కారు స్టార్టు చేయడానికి తిప్పుతుంటే హ్యాండిలు వెనక్కి తన్నిన చోట ఎముక నలిగి చీము పట్టింది. తీయకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరుగారు అన్నారు.

మసి గీకడానికి ఇంజను హెడ్డు విప్పిందీ, తిరిగి బిగించి నిప్పురవ్వ టైమింగు పెట్టిందీ నువ్వే. అందుకే ఇల్లు వదిలిపోయావని నాకు తెలుసు. కానీ అన్న మాట విను. "వాడి తప్పేందక్కా? పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిపే బండికి పెట్టినట్టు టైమింగు ముందుకు జరపరా అన్నది నేనే. ఆ పూట కారు షావుకారు పెట్రోలు పోయించిన సంగతి మరిచా. పెట్రోలుకు రవ్వ అంత ముందు పడితే హ్యాండిలు వెనక్కి తన్నదా?"

మన షెడ్డుకు రిపేరుకు ఇంకో కారు వచ్చింది. "పక్కన కూర్చుని నేను చెబుతా, వాడు చేస్తాడులే" అని నీ గురించే అంటున్నాడు అన్న. నువ్వు బెజవాడలో మూటలు మోస్తున్నావనీ, ఇక పానా ముట్టనని ఒట్టేసుకున్నావనీ లారీ డ్రైవరు ఖాదర్ వలి చెప్పాడు. ఆ మాట అన్నకు చెప్పలేదు.

ప్రతి నమాజులోనూ నీ రాకనే అడుగుతున్నాను. వస్తావన్న ఆశ మాత్రం సన్నగిల్లుతోంది. నిన్న అన్న ఎడమచేత్తో హెడ్డు నట్టు విప్పబోయాడు. పానా జారి కింద పడింది. వంగి తీసుకోకుండా అట్లాగే నిలబడిపోయాడు. నేను చూడనట్టు లోపలికి పోయాను.

మీ పెద్దక్క