కోడలి విడాకుల ఖర్చు నా ఆస్తిలోంచి

నా వాళ్ళారా, కోడలి మెడకు తిరుగటిరాయి కట్టిన మామ దేవుని ఎదుట ఏమని జవాబు చెప్పుకోవాలి?

హెండర్సన్ నివాసి గుడిమెట్ల దైవసహాయం అనే నేను, వయసు డెబ్బై ఒకటి, మోకాళ్ళు తప్ప తక్కినవన్నీ స్థిరంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసిన వీలునామా ఇది. మునుపటివి రద్దు.

1. దీన్ని అమలు చేసేవాడు మన సంఘ పెద్ద రాజారావు. నా ప్రసంగం మధ్యలో గడియారం చూసుకుంటాడు గానీ నమ్మదగినవాడు.

2. ఇల్లు నా భార్య ప్రభావతికి, ఆమె తర్వాత మనవరాలు సిరికి. మైకు సంఘానికి. శబ్దం తగ్గించమని మూడు ఉత్తరాలు రాసిన పక్కింటివారికి ఒక సీసా ఆవకాయ.

3. కొడుకు ప్రసన్నకుమార్‌కు నా చేతిగడియారం. 2004 మార్చిలో భార్యాబిడ్డలను వదిలి వేరే ఫ్లాట్‌కు పోయాడు. తప్పిపోయిన కుమారుడి కథ వందసార్లు చెప్పాను. ఆ తండ్రి తాను ఎదురుచూశాడు గానీ, కోడలిని వాకిట్లో నిలబెట్టలేదు.

4. ఈ దేశపు చట్టం ప్రకారం రెండేళ్ళు విడిగా ఉంటేనే విడాకులు అడగవచ్చు. రెండు నెలల్లో గడువు నిండుతుందనగా నేను ఉపవాస ప్రార్థన పెట్టి, సంఘమంతా చూస్తుండగా ఇద్దరి చేతులూ కలిపాను. ఐదు నెలలకే వాడు మళ్ళీ పోయాడు. రాజీకోసం మూడు నెలల దాకా కలిసున్నా లెక్క చెడదట. ఐదు నెలలు కావడంతో రెండేళ్ళూ మళ్ళీ మొదటికొచ్చాయి. వాక్యం తెలిసిన నాకు ఈ నిబంధన తెలియలేదు. మొన్న జూన్‌లో ఆ గడువూ నిండింది. అయినా కోడలు కిరణ్మయి కదల్లేదు. ఎందుకని అడిగాను.

"మీరేగా మామయ్యా ఆగమన్నది. ఆగుతాను. సిరితో మాత్రం నాన్న వస్తాడని చెప్పకండి," అంది.

5. నా బీరువాలోని వాళ్ళ పెళ్ళి సర్టిఫికెట్ కిరణ్మయికి చెందాలి. భద్రతకని చెప్పాను గానీ, ఆమె కోర్టుకు వెళ్ళకూడదనే దాచాను. దాంతోపాటు వెయ్యి డాలర్లు. కోర్టు ఫీజుకు అందులో కొంతే చాలు, కౌంటర్లో నేనే కనుక్కున్నాను. లాయరు తప్పనిసరి కాదు. ప్రమాణపత్రం మీద సంతకం జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే ప్రమాణాధికారి ఎదుట చేయాలి, ఆయన పైసా పుచ్చుకోడు. సిరి ఎవరి దగ్గర పెరుగుతుందో రాయాలి. కాగితాలు వాడికి ఆమె స్వయంగా ఇవ్వకూడదు, రాజారావు ఇస్తాడు. వాడు అడ్డు చెప్పకపోతే ఉత్తర్వు వస్తుంది, నెల తర్వాత ఖాయమవుతుంది. మిగిలిన డబ్బుతో సిరికి ఈత నేర్పించాలి.

6. మోషే పరిత్యాగ పత్రికను, అంటే విడాకులను, ఒప్పుకున్నది జనుల హృదయ కాఠిన్యం వల్లనని బోధించేవాణ్ణి. మా ఇంట్లో ఆ కఠిన హృదయం నాదే. కిరణ్మయి కోడలు కాకుండా పోయినా ఈ కానుకలు చెల్లుతాయి. ఆదివారం భోజనంలో ఆమె కుర్చీ ఆమెదే.

2008 నవంబరు 14, శుక్రవారం
(సంతకం) గుడిమెట్ల దైవసహాయం

సాక్షులు: రామలింగేశ్వరరావు, కోటేశ్వరమ్మ. ఇద్దరికీ ఇందులో ఏమీ రాయలేదు.

సంతకాల కింద రాసింది చట్టానికి చెల్లదట. చెల్లకపోయినా సరే, కిరణ్మయీ, ఈ నకలు నీకు బతికుండగానే ఇస్తున్నాను. అయిదో అంశంలోవన్నీ ఈ కవర్లోనే ఉన్నాయి. నా చావు కోసం కూడా ఆగకు. రేపు శనివారం, కోర్టు ఉండదు. ఇంకా పదకొండు కాలేదు. లే తల్లీ, ఇవాళే వెళ్ళు.