పెద్దల్లుణ్ణి కదిలించకండి

రాగి గనిలో సగం వాటాదారుని, పని చేసేవాళ్లంతా చిన్న యజమాని అని పిలిచే మనిషిని అయిన నేను, తెలివిలో ఉండి, చదివించుకుని, అర్థం చేసుకుని రాయిస్తున్న మరణశాసనం ఇది. నా మతి స్థిమితంగా ఉందని గుండె డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం దీనికి జతచేశాను. నన్నెవరూ బలవంతం చేయలేదు. భయం మాత్రం ఉంది. భయం బలవంతం కిందికి రాదని లాయరు గారు చెప్పారు కాబట్టి ఆ మాట కూడా రాయిస్తున్నాను.

రేపు నా గుండెకు ఆపరేషను. చావంటే భయం లేదని అబద్ధం చెప్పను. కానీ కొన్నాళ్లుగా నాకు కంటి మీద కునుకు లేకుండా చేస్తున్నది చావు కాదు, నేను పోయాక నా సంతకం ఎవరి చేతికి వెళుతుందన్న దిగులు. ఆ సంతకం మీద ముప్పై ఎనిమిది ఇళ్లు నిలబడి ఉన్నాయి.

1. ఇంతకుముందు రాసిన వీలునామా ఈ క్షణం నుంచి చెల్లదు. అందులో నా వాటా మొత్తం మా అబ్బాయికి రాశాను. అప్పటికి గని మీద అప్పు లేదు, అప్పిచ్చినవాళ్లకు మా గడప తెలియదు.

2. దీన్ని చదివే కోర్టువారికి, గని ముఖం చూడని మా లాయరు గారికి కూడా, ఒక సంగతి విడమరిచి చెప్పాలి. భూమి కింద రాగి రాయి తవ్వుకుంటూ పోయేటప్పుడు పైకప్పు కూలకుండా అక్కడక్కడ రాయిని తవ్వకుండా దిమ్మెల్లా వదిలేస్తాం. వాటిని పిల్లర్లంటాం. వాటిలోనూ రాగి ఉంటుంది, మంచి రాగే ఉంటుంది. అయినా ముట్టుకోం. మా నాన్న వాటికి అంకెలు వేయకుండా చుట్టరికాలు పెట్టాడు. మేనత్త, చిన్నత్త, పక్కపక్కనే ఉండి మొహాలు తిప్పుకున్నట్టుండే తోడికోడళ్లు. అన్నిటికంటే లావుది, నడిమధ్యన ఉన్నది పెద్దల్లుడు. ఏ పనీ చేయడు, అడ్డంగా కూర్చుంటాడు, అందరూ ఆయన చుట్టూ తిరిగి వెళ్లాలి, పొరపాటున అలిగి లేచాడా ఇల్లు కూలినట్టే. షిఫ్టులో మొదట దిగినవాడు పెద్దల్లుడి మీద అరచెయ్యి ఆనించి "అల్లుడు గారూ, కులాసాయేనా?" అని అడిగి, గడ్డపారతో పైకప్పు తట్టి చూస్తాడు. గట్టిగా మోగితే లోపలికి వెళతారు. బోలుగా పలికితే వెనక్కి వచ్చేస్తారు. ఆ రోజు కూలి ఎవరికీ కోసేది లేదు.

రాగి ధర పడిపోయిన ఏడాది మా అన్నయ్య, గనిలోంచి మనుషుల్నీ రాయినీ పైకి లాగే కొత్త వించి కోసం, నీళ్లు తోడే పంపుల కోసం అప్పుకు వెళ్లాడు. గనిలో ఇంకా ఎంత రాయి మిగిలిందో చూపిస్తే గానీ అప్పు పుట్టదు. తవ్వని రాయి చాలక, పిల్లర్లను కూడా కలిపి లెక్క చూపించాడు. అంటే అత్తల్నీ, తోడికోడళ్లనీ, పెద్దల్లుడినీ తనఖా పెట్టాడు. నాకు తెలిసి అడిగితే, "ఊరికే కాగితం మీదేనే, వాటిని ఎవరు తవ్వుతారు?" అన్నాడు. ఇప్పుడు కిస్తీలు ఆగాయి. అప్పిచ్చిన సంస్థ ఆఫీసరు మా వంటింట్లో కూర్చుని, టీ తాగుతూ, "రాయిని రాయిగా చూడకండమ్మా, ఆస్తిగా చూడండి" అన్నాడు. పిల్లర్లు తీసి అమ్మి బాకీ కట్టాలట, లేకపోతే గని జప్తు అట. తీయడానికి అనుమతి కూడా తెచ్చేశారు. అనుమతి ఇచ్చిన గనుల ఆఫీసుకు చూపించిన మ్యాపు, గని మీద మా పనివాళ్ల కాలనీ కట్టకముందు గీసింది. అందులో గని పైన ఉన్నది ముళ్లపొదలే.

మా భాగస్వామ్య పత్రంలో నాన్న ఒక్క మంచి పని చేశాడు. పిల్లరు ముట్టుకోవాలంటే ఇద్దరి సంతకాలూ ఉండాలని రాయించాడు. అన్నయ్య సంతకం పడింది. నాది పడలేదు. ఇంతవరకూ ఆగింది అందుకే.

3. నా సగం వాటాను ఒక ట్రస్టుకు రాస్తున్నాను. పిల్లర్ల పైన నిద్రపోయే ముప్పై ఎనిమిది కుటుంబాలు దాని లబ్ధిదారులు. ఇళ్ల వివరాలు షెడ్యూలులో ఉన్నాయి. లాభం వస్తే వాళ్లది. అప్పు మాత్రం వాళ్ల మెడకు చుట్టుకోకూడదు, నా వాటా ఎంతవరకో అంతవరకే. ఏ పిల్లరు తీయాలన్నా, చెక్కాలన్నా, ఆ ముప్పై ఎనిమిది ఇళ్లవాళ్లూ ఒప్పుకుని సంతకం పెడితేనే ట్రస్టు సంతకం పడాలి. లాయరు గారు పెన్ను కింద పెట్టి, "అమ్మా, ఇంతమంది ఒప్పుకోవాలంటే ఆ పని ఈ జన్మలో కాదు" అన్నారు. నాకు కావలసింది అదే, అలాగే రాయండి అన్నాను.

కాలనీ వాళ్లంతా నన్ను మెచ్చుకుంటారని అనుకోవడం లేదు. డ్రిల్లు మేస్త్రీ మొన్న మొహం మీదే అడిగాడు, "జప్తయితే మా పని పోతుంది, మీకేం, మీరు పోతారు" అని. నిజమే. కానీ పోయిన వేసవిలో నేను ఊళ్లో లేనప్పుడు అన్నయ్య నా సంతకం లేకుండానే చిన్నత్తను ఒక పక్క చెక్కించాడు. అప్పటినుంచి దాని మీదున్న వించి డ్రైవరు ఇంట్లో నేల మీద స్టీలు గ్లాసు పడుకోబెడితే దానంతటది దొర్లుకుంటూ పొయ్యి దాకా వెళుతోంది. పిల్లలు దాన్ని ఆటగా ఆడుకుంటున్నారు. వాళ్ల అమ్మ నన్ను పిలిచి చూపించింది. గ్లాసు దొర్లుతుంటే నవ్వుదామని చూశాను, నవ్వు రాలేదు. మేస్త్రీ కూడా సంతకం పెట్టే ముందు ఒకసారి ఆ ఇంటికి వెళ్లి గ్లాసు పెట్టి చూడాలని నా మనవి.

4. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత, ట్రస్టు బాధ్యత మా వదినవి. అన్నయ్య భార్యకే అప్పగిస్తున్నావా, నీకు మతి ఉందా అని లాయరు గారు కూడా అనుకున్నారు, పైకి అనలేదు. మా వదినకూ నాకూ సరిగ్గా మాటలు లేక చాలా కాలమైంది. ఇంట్లో నలుగురి ముందు నన్ను "గనికి కాపలా కుక్క" అంది. మర్చిపోలేదు. కానీ ఆమె అబద్ధం చెప్పగా నేను వినలేదు. పైగా ఈ లోకంలో మా అన్నయ్య భయపడేది ఆమె ఒక్కదానికే. ఎప్పుడో వారం రోజులకని తీసుకెళ్లిన నా కుట్టు మిషను ఆమెకే రాసిస్తున్నాను, ఎలాగూ ఆమె దగ్గరే ఉంది.

5. మా అబ్బాయికి. నాన్నా, గనిలో నీకు చిల్లిగవ్వ రాయలేదని మొదట నీ మనసు చివుక్కుమంటుంది. నా వైద్యానికి పోగా మిగిలిన సొమ్ము నీదే. నీ అంత మంచివాడు మన ఇంటావంటా లేడు, అదే నా భయం. మేనమామ కాగితం పెడితే చదవకుండా సంతకం పెడతావు. బజారులో కుళ్లిన టమాటాలు అంటగట్టినా, పాపం ముసలాయన అని తెచ్చేస్తావు. కాదనడం నీకు చేతకాదు. అందుకే కాదనే పని నీకు పెట్టడం లేదు. ఈ వీలునామా చదివాక నీ మీద ఎవరూ కోప్పడలేరు, ఎందుకంటే నీ చేతుల్లో ఏమీ లేదు. ఇంతకంటే ప్రేమగా ఎలా ఇవ్వాలో నాకు తెలియలేదురా. మీ నాన్న చేతి గడియారం, నా నీలం శాలువా నీవి. శాలువా ఉతకొద్దు, కొన్నాళ్లు.

6. వించి డ్రైవరు భార్యకు నా మంచం, పరుపు. వాళ్ల బిడ్డలకు నా రేడియో, గ్లాసు బదులు దానితో ఆడుకోమనండి. పైకప్పు తట్టి చూసే ముసలాయనకు నా పడక కుర్చీ. ఎన్నోసార్లు ఆయన గడ్డపార కింద పెట్టి "ఇవాళ వద్దమ్మా" అంటే, ఏమిటయ్యా సాగదీస్తున్నావని విసుక్కున్నాను, వెనక్కి మాత్రం వచ్చేశాను. అప్పిచ్చిన సంస్థ ఆఫీసరుకు నా హెల్మెట్టు, లైటు. ఆస్తిని ఒకసారి దిగి చూసుకోవాలి గదా.

7. రేపు ఉదయం ఆసుపత్రి గడప దాటిన దగ్గరనుంచి నా పేరున పడే ఏ సంతకమూ, ఏ వేలిముద్రా గని విషయంలో చెల్లదు. ఈ మాట లాయరు గారి చేత రెండుసార్లు రాయించి, రెండోది కొట్టేయించాను. మొన్న పరీక్షల కోసం ఆసుపత్రిలో ఉన్నప్పుడు అన్నయ్య పళ్లు తెచ్చి, ఎప్పుడు స్పృహ వస్తుంది, మందు మత్తు ఎంతసేపు ఉంటుంది అని నర్సును అడిగాడు. అక్కచెల్లెళ్ల మీద ప్రేమ ఉన్నవాడు ఎవడైనా అడిగే ప్రశ్నే. నేనే అనుమానం మనిషిని కావచ్చు. కానీ ఆయన సంచిలో పళ్ల కింద ఇంకుప్యాడ్ డబ్బా కనిపించింది. అప్పటినుంచి కుడిచేతి బొటనవేలు పిడికిలిలో దాచుకుని పడుకుంటున్నాను. మత్తులో పిడికిలి ఎవరు పట్టి ఉంచుతారు? డాక్టరు గారిని బతిమాలుకున్నాను, థియేటర్లోకి తీసుకెళ్లేటప్పుడు నా రెండు చేతులకూ గుడ్డ చుట్టి పంపమని. ఆయన నవ్వారు. తరవాత నా మొహం చూసి సరేనన్నారు.

8. నేను కాపురం ఉంటున్న ఇల్లు, పెరడుతో సహా, మా అన్నయ్యకు ఇస్తున్నాను.

ఇది కోపంతో ఇస్తున్నది కాదు. చిన్నప్పుడు నాన్నతో గనిలో దిగి లైటు ఆరిపోయి నేను ఏడిస్తే, పైకి చేరేదాకా చెయ్యి వదలని మనిషి ఆయన. ఆ అన్నయ్య ఇంకా ఎక్కడో ఉన్నాడని నమ్ముతున్నాను. ఇల్లు మంచిది, గాలి వస్తుంది. సరిగ్గా పెద్దల్లుడి మీద ఉంది. షరతు ఒకటే. నేను పోయాక నెల రోజుల్లోపు ఆయన ఊళ్లో మేడ వదిలి ఈ ఇంట్లోకి మారాలి, రాత్రిళ్లు ఇక్కడే పడుకోవాలి. మారడం ఇష్టం లేకపోతే, ఎందుకు ఇష్టం లేదో సొంత చేతిరాతతో రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితాన్ని మా వదిన పిల్లర్లకు అనుమతి ఇచ్చిన ఆఫీసుకూ, అప్పిచ్చిన సంస్థకూ అందజేయాలి.

అన్నయ్యా, వస్తే మాత్రం మంచం తలుపు పక్కన వేసుకోకు. నేల కుంగినప్పుడు ముందు బిగుసుకుపోయేది తలుపే. కిటికీ పక్కన వేసుకో. చువ్వలు నేను కోయించేశాను.

ఆగస్టు నెల పద్దెనిమిదో తేదీ, సోమవారం సాయంత్రం, ఆసుపత్రికి వెళ్లే ముందురోజు, పైన రాసినదంతా చదివి వినిపించగా విని, సరేనని చేసిన సంతకం:

చిన్న యజమాని

సాక్షులు (కాలనీలో ఎవరూ సాక్షి కారాదు, అందరికీ ఇందులో వాటా ఉంది గనుక):

1. మందుల దుకాణం ఆయన
2. లాయరు గారి ఆఫీసులో టైపు చేసే అమ్మాయి