మా అన్నయ్య రాజీనామాలోని మాటలు నావి

కార్మిక శాఖ అధికారి గారి సముఖమునకు, విశాఖపట్నం.

అయ్యా,

విషయం: కో-పైలట్ గవర్రాజు స్వచ్ఛందంగా రాజీనామా చేయలేదనియు, ఆ పత్రం రాసినది నేనేననియు తెలియజేయుట గురించి.

పద్మనాభం నివాసి, డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని దేవి అను నేను విన్నవించుకొనునది:

1. మా అన్నయ్య గవర్రాజు నాలుగేళ్లుగా తూర్పురెక్క ఏవియేషన్‌లో కో-పైలట్. ఒక పెద్ద విమాన సంస్థ కోసం ఈ చిన్న కంపెనీ కాంట్రాక్టు మీద విశాఖ నుంచి విమానాలు నడుపుతుంది. విమానం మీద పేరు పెద్దవారిది. పైలట్ ఉద్యోగం చిన్నవారి దయ.

2. ఏటా కాంట్రాక్టు ముగిసే ముందు పైలట్లందరూ రాజీనామా ఇచ్చి, ఒకటో తేదీన మళ్లీ చేరడం అక్కడి ఆనవాయితీ. ఆ లెక్కన నాలుగేళ్ల ఉద్యోగి ఎప్పటికీ కొత్తవాడే. "కంపెనీ చెప్పినందున రాజీనామా ఇస్తున్నాను" అని అందరూ ఒకే వాక్యం రాస్తారు. ఈ మార్చిలో మేనేజరు ఫోన్ చేయగా స్పీకర్‌లో నేను స్వయంగా విన్నాను: "ఏటి గవర్రాజూ, బెంగెందుకు? ఉత్త కాగితమే కదా. ఈసారి కాసింత బాగా రాయ్. ఒకటో తారీకుకి నీ సీటు నీదే."

3. "బాగా అంటే ఏటి రాయాలో నాకు తెలీదే దేవీ, నువ్వే రాసెయ్" అన్నాడు అన్నయ్య. నాకు కావలసిందీ అదే. కొత్తగా నేర్చిన మాటలన్నీ దించాను. "ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్ణ మనస్సుతో, ఆకాశమంత కృతజ్ఞతతో" అని రాశాను. వాడు చదవకుండానే సంతకం పెట్టాడు.

4. ఒకటో తేదీకి కాంట్రాక్టులో సగం విమానాలు తగ్గాయి. మిగతా పైలట్లను హైదరాబాదుకు మార్చారు. మా అన్నయ్య ఒక్కడిదే స్వచ్ఛంద రాజీనామా అని వాణ్ని మళ్లీ చేర్చుకోలేదు. నేను ఆఫీసుకు వెళ్లి అడిగితే మేనేజరు నవ్వి, "ఇంత మనసారా రాసినోణ్ని ఎలా ఆపుతామమ్మా?" అన్నారు.

5. "ఇంకేటీ రాయకే తల్లీ, సాలు" అని మా అమ్మ సన్యాసమ్మ నా పెన్ను దాచేసింది. ఇది పక్కింటి పెన్ను.

కావున ఆ పత్రం చెల్లదని తేల్చి, మా అన్నయ్యను విధుల్లోకి తీసుకొమ్మని ఆదేశించవలెను. కంపెనీవారు తామే అడిగి పుచ్చుకున్న రాజీనామాను స్వచ్ఛందమనడం అబద్ధం. ఆ మాట వారి ఎదుటే అంటాను. నా తప్పు నేను ఒప్పుకున్నాను. వారి తప్పు వారు ఒప్పుకునే వరకు ప్రతి సోమవారం ఒక అర్జీ పంపుతానని చిత్తగించవలెను.

తమ విధేయురాలు, ఈ ఒక్క విషయంలో తప్ప ఎవరికీ అంత విధేయురాలు కాని,
దేవి

తా.క.: విచారణకు అన్నయ్యను ఒక్కణ్నే పిలవకండి. తుపాను గాలిలో విమానం దించుతాడు గాని మేనేజరు ముందు నోరు విప్పడు. నన్ను పిలవండి. గురువారం మధ్యాహ్నం క్లాసులు లేవు. మిగతా రోజులైనా వస్తాను, హాజరు పోతే పోనీ.