మొదటి మూడు వరసలు

పల్లిపాలెం,
5-2-1984.

అమ్మకి,

మీనా రాస్తున్నాను. ఏడాదిన్నర తర్వాత నీకు ఉత్తరం. మధ్యలో మూడు కార్డులు మొదలుపెట్టి, నీ పేరు దాటి ముందుకి సాగక పొయ్యిలో పడేశాను. రామతులసి టీచరుగారూ, ఇది మా అమ్మకి చదివి వినిపించేది మీరే కాబట్టి ముందే దణ్ణం పెట్టి అడుగుతున్నాను. అమ్మ ఏడిచినా ఆపకండి, చివరిదాకా చదవండి.

నాకు ఏడో నెల. రెండు ఇంజెక్షన్లూ అయ్యాయి, కాళ్ళకి నీరు లేదు, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను. ఆ విషయంలో నీకు దిగులక్కర్లేదు. కానీ పురుటికి పాలకొల్లు రాను. కాకినాడ ఆస్పత్రిలో పేరు రాయించుకున్నాను. ఆయన ఆఫీసుకి దగ్గర. పుట్టిన బిడ్డని నీ ఒళ్ళో పెట్టను. ఇంత మాట రాస్తానని నేనూ అనుకోలేదు గానీ, రాయకపోతే నువ్వు పురిటి మంచం బయటికి తీసి నులక బిగించి కూర్చుంటావు. నీ సంగతి నాకు తెలీదూ?

ఆవేళ నీ టెలిగ్రాం అందుకుని లాంచీలో ఏరు దాటి, బస్సెక్కి నేనొచ్చేసరికి నా బాల చాప మీద ఉంది. పది నెలల పిల్ల. కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడుస్తోంది, కంట్లో చుక్క లేదు. మాడు లోపలికి దిగిపోయింది, దానిమీద నువ్వు ఆముదం అద్దుతున్నావు. నీళ్ళెందుకు పట్టలేదే అని అరిచాను. "నీళ్ళు పడితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి కదే అమ్మాయీ, అందుకే రెండ్రోజుల్నించి పాలు కూడా ఆపాను" అన్నావు. నా చేతి సంచిలో విరేచనాల మందు పొట్లం ఉంది, కలిపి చెంచాతో పెట్టాను. మింగే ఓపిక లేదు దానికి. రిక్షాలో ఆస్పత్రి గుమ్మం దాకా వెళ్ళాం, లోపలికి తీసుకెళ్ళే అవసరం లేకపోయింది.

అంతకు పది రోజుల ముందే నీకు ఉత్తరం రాశానమ్మా. ఏం చెయ్యాలో చెంచాల లెక్కతో సహా రాశాను. ఇక్కడ ఈ ఊళ్ళో అక్షరం ముక్క రాని ఆడవాళ్ళు నా మాట వింటారు. ఒక్కసారి చెబితే అబ్బులు భార్య పిల్లాణ్ణి బతికించుకుంది. ఊరంతా నన్ను నర్సమ్మగారూ అంటుంది, నీకు మాత్రం నేను జడ వేసుకోవడం రాని మీనానే. విన్నావు, పక్కన పెట్టావు. అదే నేను మింగలేకపోయాను.

ఇంకొకటి ఉంది. ఇది మీ అల్లుడికి కూడా చెప్పలేదు. ఏడాది నిండే వరకూ పాలు మాన్పించకండి అని ఇంటింటికీ తిరిగి చెప్పేది నేనే. సెలవు అయిపోయిందని బాలని ఎనిమిదో నెలలో నీ దగ్గర దింపి, పాలు ఇంకిపోవాలని గుడ్డ బిగించి కట్టుకున్నదీ నేనే. లాంచీలో ఎవరి బిడ్డో ఏడిస్తే నా జాకెట్టు తడిసిపోయేది. నీమీద కోపం పెంచుకుంటే అది గుర్తు రాదనుకున్నాను. వస్తూనే ఉంది.

నీ కూతురు,
మీనాకుమారి

*

పాలకొల్లు,
11-2-1984.

చిరంజీవి మీనాకి,

అమ్మ వరహాలక్ష్మి చెప్పేది. రాత టీచరుగారిది, మాట నాది.

నీ ఉత్తరం పూర్తిగా చదివించుకున్నాను. ఒకటికి రెండుసార్లు. పురుటికి రానన్నావు, సరే. బిడ్డని నా ఒళ్ళో పెట్టనన్నావు, సరే. నిన్ను అడిగే మొహం నాకేదీ? కానీ ఒక మాట చెప్పాలి. చెప్పకుండా పోతానేమో అనుకున్నాను, ఇప్పుడింక దాచి లాభం లేదు.

పది రోజుల ముందే రాశానన్నావే, ఆ ఉత్తరం వచ్చిన్రోజు బాల నా ఒళ్ళోనే ఉందే. టీచరుగారు అరుగుమీద కూర్చుని విప్పింది. "అమ్మా, నిన్న నా చేతుల్లో పది నెలల పిల్ల పోయింది. విరేచనాలు. నీళ్ళు పట్టకుండా చంపుకున్నారు." ఇంతే, మూడు వరసలు. ఒళ్ళో పది నెలల పిల్లని పెట్టుకుని ఆ మాట ఎలా వినమంటావు? ఆపండమ్మా అని ఆవిడ చేతిలోంచి లాక్కుని చించేశాను. చావు కబురు ఇంట్లో ఉంచకూడదు కదా. ముక్కలు కాలవలో కలిపి, తలమీంచి నీళ్ళు పోసుకుని, పిల్లకీ పోశాను. కింద ఇంకా ఏం రాశావో నాకెలా తెలుస్తుందమ్మా? ఎవరింటి పిల్ల సంగతో రాశావనుకున్నాను. నీళ్ళు పట్టకుండా అన్న మాట చెవిన పడింది, కానీ చావు అన్నాక నాకు ఇంకేం తలకెక్కలేదు.

వారం తిరక్కుండా బాల పడింది. ఆ ఉత్తరమే మృత్యువుని మోసుకొచ్చిందనుకున్నాను. నా కూతురు తెలీక రాసిన మాట నా మనవరాలికి తగిలిందని. ఆవేళ నువ్వు నన్ను నానా మాటలూ అంటుంటే నోరు మెదపలేదు, ఎందుకో తెలుసా? నీ ఉత్తరం వల్లే పోయిందని నీకు తెలిస్తే నువ్వు బతకవని. నామీదే ఉండనీ అనుకున్నాను. ఏడాదిన్నర అలాగే ఉంచుకున్నాను.

మొన్న టీచరుగారు చెంచాల లెక్క అని చదివితే, "ఏంటండీ, మళ్ళీ చదవండి" అన్నాను. అప్పుడు తెలిసింది. నువ్వు పంపింది చావు కబురు కాదు, మందు. నా చేత్తో నేనే చించి కాలవలో పారేశాను. మృత్యువు ఉత్తరంలో రాలేదే తల్లీ.

మంచం బయటికి తియ్యలేదు. నువ్వు కాకినాడలోనే ఉండు. ఒక్కటే అడుగుతున్నాను, కాదనకు. ఆ ఉత్తరంలో కింద ఉన్నది మళ్ళీ రాసి పంపు. పట్టడానికి ఇంక అమ్మ దగ్గర పిల్లలెవరున్నారని అనుకోకు. వినాలని ఉంది, అంతే.

అమ్మ

*

పల్లిపాలెం,
16-2-1984.

మా అమ్మకి,

నీ ఉత్తరం హెల్త్ సెంటర్లో చదివాను. బాలింతలు చూస్తుండగానే నేలమీద కూలబడి ఏడ్చాను. తేరుకున్నాక నాకు ఒకటే గుర్తొచ్చింది. పెదనాన్న పోయాడని వచ్చిన కార్డు నీకు చదివింది నేనే. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. సగంలోనే నువ్వు లాక్కుని చించేస్తే, ఇద్దరం కాలవకి వెళ్ళి స్నానం చేశాం. ఆ ఇంట్లో పుట్టి పెరిగి, పిల్ల చావుని పైన రాసి నీళ్ళ సంగతి కింద రాశాను. ఊళ్ళో వాళ్ళకి చెప్పేటప్పుడు ఏనాడూ చావుతో మొదలుపెట్టను, పారిపోతారని తెలుసు. నీకు రాసేటప్పుడు మాత్రం నర్సుని కాను కదా, ముందు నా ఏడుపు రాసుకున్నాను.

నీ తప్పు లేదని రాయను. నాదీ లేదని రాయను. ఎంతెంతో తేల్చుకుని మనం ఏం చేసుకుంటాం, బాల లేదు.

నులక బిగించు. వచ్చే నెల పదో తారీకున ఆయన నన్ను దింపుతారు. పురుడు పాలకొల్లు ఆస్పత్రిలోనే, ఆ తర్వాత మన ఇంట్లో. ముర్రుపాలు పిండి పారబోయనివ్వను, బొడ్డుమీద ఏమీ రాయనివ్వను, ఇప్పుడే చెబుతున్నాను. బిడ్డని మాత్రం నీ ఒళ్ళోనే పెడతాను.

నువ్వడిగింది రాస్తున్నాను. టీచరుగారూ, నెమ్మదిగా చదవండి. గ్లాసుడు కాచి చల్లార్చిన నీళ్ళు. అందులో చెంచాడు పంచదార, రెండు వేళ్ళకి వచ్చినంత ఉప్పు. విరేచనం అయినప్పుడల్లా చెంచా చెంచా పట్టాలి. కక్కితే కాసేపాగి మళ్ళీ పట్టాలి. పాలు ఆపకూడదు. బిడ్డకి పట్టే ముందు నువ్వొక చుక్క నాలిక మీద వేసుకుని చూడాలి. కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉండకూడదు. ఆ రుచి నీకు తెలుసమ్మా.

నీ
మీనా