సహజంగా లేని వేళ్లు

పదిహేడో తేదీ,
ఆదివారం మధ్యాహ్నం

పిచ్చుకకి,

అక్క ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నావా అని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. ఫోన్ చేస్తే తీయడం లేదు కాబట్టి ఇరవై ఏళ్ల తర్వాత కాగితం పట్టుకున్నాను. నా కోడిగీతలు చూసి నవ్వుకున్నా సరే, చదువు.

కళ్లద్దాల కొట్లో పని మామూలే. నిన్న ఒకాయన కొత్త అద్దాలు పెట్టుకుని, ఇంటావిడ మొహం ఓసారి చూసి, పాతవే నయమన్నాడు. ఆవిడ పక్కనే ఉంది. నీకు చెబితే పడీ పడీ నవ్వేదానివి. ఇప్పుడు ఎవరికి చెప్పను?

నీ బొమ్మల సామానంతా మీ పక్కింటి టీచరమ్మకి ఇచ్చేశావని పిన్ని చెప్పింది. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆ పెన్సిళ్లు నాన్న కొన్నవి కదే. గడియారాలు బాగుచేసే బల్ల దగ్గరే కూర్చుని, ఒక్కొక్కటీ సన్నగా చెక్కి నీకు ఇచ్చేవాడు.

పోయిన నెల మా ఇంటికొచ్చి నువ్వు ఫోనులో చూపించిన బొమ్మ కళ్లముందు నుంచి పోవడం లేదు. పక్షవాతం వచ్చాక నాన్న కుడిచెయ్యి. వేళ్లు లోపలికి ముడుచుకుని, చూపుడువేలు ఒక్కటీ పక్కకి తిరిగి, అచ్చం అలాగే ఉంది. పదకొండు రోజులు గీశానన్నావు. ఆన్‌లైన్‌లో మీ బొమ్మల గ్రూపులో పెడితే దానికి వచ్చింది ఒకే ఒక్క కామెంటు. వేళ్లు సహజంగా లేవు, ఎముకల అమరిక గమనించి మళ్లీ ప్రయత్నించండి అని. తెలిసినవాళ్లు చెప్పారు కదా అని నువ్వు ఆ వేళ్లు చెరిపేసి తిన్నగా గీశావు. నాన్నకి చూపిస్తే, చాలాసేపు చూసి, మాట కూడబలుక్కుని, ఇది నాది కాదు అన్నాడట. ముడుచుకున్న చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడట. వారం తిరక్కుండానే పోయాడు.

నా చెయ్యి చూసి కూతురు సిగ్గుపడింది అనుకుంటూ పోయాడక్కా అని ఏడ్చావు. కాదని ఆయనకి చెప్పే దారి లేదు, నీకు చెబితే నువ్వు నమ్మవు. ఆ కామెంటు రాసినవాళ్ల చేతులు పడిపోను అని తిట్టావు. నేను బట్టలు మడతపెడుతూ ఉండిపోయాను. నీది గుండె కాదు బండరాయి అని చెప్పులేసుకుని వెళ్లిపోయావు.

ఆ వేళ్లు మార్చడంలో నీ తప్పు లేదు. మొదట గీసిందే నిజమైన బొమ్మ. నువ్వు మళ్లీ పెన్సిలు పట్టుకుంటావన్న ఆశ నాకు లేదు. అయినా టీచరమ్మని అడిగి ఆ పెన్సిళ్లు వెనక్కి తెచ్చి మా ఇంట్లో పెట్టాను.

చించెయ్యకుండా కింది వరకూ చదువు.

నీ అక్క

తా.క. ఆ గ్రూపులో మన బొమ్మ పెట్టాలంటే ముందు ఐదుగురి బొమ్మలకి అభిప్రాయం రాయాలి కదా. నువ్వు ఒక్కోదానికీ గంటసేపు కూర్చుని రాసేదానివి. నిన్ను చూసి ఆశపడి నేనూ చేరాను, కాస్త గీయడం వచ్చాక నీకు చెబుదామని. అక్కడ అందరివీ మారుపేర్లే. చెట్లకి ఒకటి, మనుషుల బొమ్మలకి ఒకటి, ముందే రెండు ముక్కలు రాసి దాచుకున్నాను. చేతులు గీస్తే అందరికీ తప్పే వస్తాయని ఎక్కడో చదివి, మనుషుల ముక్కలో వేళ్ల మాటే రాశాను. నా పూలకుండీ పెట్టే తొందరలో, మనుషుల బొమ్మల వరసలో మొదటి ఐదింటి కిందా అదే ముక్క అతికించాను. నువ్వు ఆ కామెంటు చూపించగానే పోల్చుకున్నాను, అక్షరం తేడా లేదు. అతికించిన రోజు నేను బొమ్మ తెరవనైనా లేదు. తెరిచి ఉంటే నాన్న చెయ్యి నాకు తెలియదా, పిచ్చుకా.