గ్యాస్ ఎక్కడికి పోయిందో తెలిసింది

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి నాలుగేళ్లు. నేను హిందూ మహాసముద్రం మీద ఓడలో ఉన్నాను. తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

లోతులోంచి నీళ్లు తోడి, అవి పైనుంచి ఎప్పుడు మునిగాయో కనిపెట్టడం నా పని. కనిపెట్టేది పాత ఫ్రిజ్‌ల గ్యాస్‌తోనే. గాలిలో కలిసిన ఆ గ్యాస్ సముద్రం పైనీళ్లలో కరుగుతుంది. ఆ నీళ్లు చల్లబడి బరువెక్కి మునిగితే వాటితోపాటే లోతుకు పోతుంది. గాలిలో ఆ గ్యాస్ ఏ ఏడు ఎంత ఉందో తెలుసు కాబట్టి, నీళ్లలో ఎంత ఉందో కొలిస్తే అవి మునిగిన కాలం తెలుస్తుంది.

కరీంనగర్‌లో మన రిపేరు దుకాణం గుర్తొచ్చింది. నువ్వు ఫ్రిజ్ పైపు కోసి పాత గ్యాస్ వదిలేస్తుంటే, ఎనిమిదో తరగతి చదివే నేను గిరాకీకి వచ్చిన సేటు ముందే తప్పుపట్టాను.

"గా గ్యాస్ ఆకాశానికి చిల్లు పెడ్తదట బాపూ, మా బడిల సిస్టర్ టీచర్ చెప్పింది."

"చూసినవా సేటూ, నా బిడ్డ నా దుకాణమే బంద్ వెట్టిస్తది" అని నవ్వావు. ఇంటికి వస్తూ స్కూటర్ మీద మెల్లగా అడిగావు.

"గా గ్యాస్ ఆఖరికి ఏడ పోయి పడ్తది బిడ్డా?"

నాకు తెలియదు. కోపంలో "ఏమో" అన్నాను. ఆ తర్వాత నేను దుకాణంలో ఉన్నంతసేపు నువ్వు పైపు ముట్టలేదు. నేను బయటికి పోయేదాకా ఆగేవాడివి.

ఇవాళ ఆరు వందల మీటర్ల లోతు నీళ్లలో ఆ గ్యాస్ దొరికింది. లెక్క కడితే, ఆ నీళ్లు మునిగింది దాదాపు నా ఎనిమిదో తరగతి రోజుల్లో. నువ్వు అడిగిన గ్యాస్ ఇక్కడికి కూడా వచ్చింది బాపూ. తప్పు తప్పే. కానీ ఇక నన్ను చూసి ఆగకు, నేను దుకాణంలో ఉన్నా సరే, పైపు కోసుకో.

నీ బిడ్డ