కుట్నా హోరా చర్చి గుమ్మంలో నా బూట్లు

ఏమండీ, నా మోకాలికేం కాలేదు, కంగారుపడకండి. మీరు వద్దన్నా ఈ చెక్ ఊళ్లో పాత వెండి గనిలోకి దిగాను, క్షేమంగా పైకొచ్చాను.

తర్వాత ఆ గనివాళ్లు కట్టుకున్న చర్చికి వెళ్లాం. అలవాటుకొద్దీ డాక్టరు ప్రత్యేకంగా చేయించిన బూట్లు గుమ్మం బయటే విప్పేశాను. ఇక్కడెవరూ విప్పరని లోపలికెళ్లాక గైడు చెప్పాడు. అవి పోతే నడిచేదెలా? గబగబా బయటికొస్తే బూట్లు అక్కడే ఉన్నాయి, పక్కన ఇంకో నాలుగు జతలు! “ఇక్కడ రూలేమో అనుకున్నాం” అన్నారు మా బస్సులోని అమెరికన్లు.

కరివేపాకు కుండీని నీడలోకి జరిపారా? మన ఊరు చాండ్లర్ ఎడారి ఎండకి మాడిపోతుంది. అమ్మాయికి, పిల్లలకి నా దీవెనలు.

ముక్కూమొహం తెలియనివాళ్లు నన్ను చూసి ఒక్క పూటలో నేర్చుకున్నారు. మీరు మాత్రం ఇప్పటికీ గరాజ్‌లోంచి బూట్లతోనే వంటింట్లోకి వస్తారు.

మీ సువర్చల